ఏడో హర్డిల్‌కు కట్టిన రాయి

నేను మోస్తున్న బరువు ఎంతో నాకు కచ్చితంగా తెలుసు. మాటవరసకు అనడం లేదు. అది ఒక నాపరాయి ముక్క. దాని పొడవు, వెడల్పు, మందం నాకు గుర్తున్నాయి. ఆ రాతి సాంద్రత ఏ పుస్తకంలోనైనా దొరుకుతుంది. గుణిస్తే బరువు వచ్చేస్తుంది. ఇన్నేళ్లలో ఆ లెక్క ఎన్నిసార్లు వేశానో మాత్రం చెప్పలేను. బస్సులో నిలబడి వేశాను. పెళ్లి పీటల మీద కూర్చుని వేశాను. ప్రతిసారీ అదే జవాబు. ఒక మనిషి ఒంటిచేత్తో ఎత్తి అవతల పారేయగలిగినంత బరువు. నేను అలాగే ఎత్తి పారేశాను.

నాకు భయం. అదీ ముందే చెప్పాలి. ఆషాఢంలో గాలి లేచి క్వార్టర్స్ కిటికీ తలుపులు కొట్టుకుంటే భయం. ఫోన్‌లో ఒక పేరు కనిపిస్తే భయం, ఆ మనిషి నన్ను ఎప్పుడూ ఒక్క పరుషమైన మాట అనకపోయినా. అన్నిటికన్నా ఎక్కువగా ఒక మాటంటే భయం. రోజూ అందరూ వాడే మాట. 'అన్నీ' అనే మాట.

ఫోన్‌లో కనిపించే ఆ పేరు గల మనిషిని ఇక్కడ బాషా అని పిలుస్తాను. అసలు పేరు అది కాదు. నా పేరు చెప్పను. అది కూడా భయమే. మీకు నేను ఎవరినో తెలియదు కనక ఇంతవరకు రాయగలిగాను. తెలిసిన ఒక్క మొహం ఎదురుగా ఉన్నా ఈ మొదటి పేరా కూడా దాటేవాణ్ణి కాను.

మాది కోయిలకుంట్ల. నాన్నకు ఎరువుల అంగడి ఉంది. కర్నూలులో ఇంజనీరింగ్ చదివాను, మెకానికల్. స్కూల్లో ఉన్నప్పుడే చట్రాల మీంచి దూకుతూ పరుగెత్తే హర్డిల్స్ అలవాటయ్యాయి. మా ఇంట్లో ఎవరూ పరుగెత్తిన వాళ్లు లేరు. నాకు మాత్రం ఆ పరుగులోని కొలత నచ్చింది. చట్రాల మధ్య ఎడం మారదు, ఎత్తు మారదు, మధ్యలో వేయాల్సిన అడుగులూ మారవు. లెక్క తప్పకుండా వేస్తే చాలు, దాటేస్తాం. అలా అనుకునేవాణ్ణి.

బాషా అలా అనుకునేవాడు కాదు. వాడిది కడప. వాళ్ల నాయన పరుపులు కుట్టేవాడు. ఆ దూది పోగుల మీద దూకి దూకి నేర్చుకున్నానని చెప్పేవాడు. నిజమో కాదో తెలియదు. మేమిద్దరం ఒకే బ్రాంచి, ఒకే హాస్టల్ గది. అంగడివాళ్ల పిల్లాణ్ణి కనక నన్ను శెట్టీ అనేవాడు. పొద్దున మైదానంలో నా పరుగు చూసి పడీ పడీ నవ్వేవాడు.

"శెట్టీ, నువ్వు దుంకుతాంటే తక్కెడ పట్టుకోని దుంకినట్లుంటాదప్పా. ఇంత ఎత్తు, ఇంత ఎడం, తూకం సరిపాయ, ఇంక దుంకు! అట్ల కాదు. అది ఆడ ఉండాదనేదే మర్సిపోవల్ల."

వాడు నిజంగానే మరచిపోయేవాడు. వాడు హర్డిల్ దాటుతుంటే దూకినట్టు ఉండేది కాదు, పరుగులో ఒక అడుగు కాస్త పెద్దగా పడినట్టు ఉండేది. వాడికి ఉన్న లోపం ఒక్కటే. వెనక వచ్చే కుడికాలు కొంచెం బద్ధకంగా లేచేది. "రేయ్, ఆ వెనక కాలు ఎత్తరా, అది నీ కాలేనా, అద్దెకు తెచ్చుకున్నావా?" అని మాకు ఆటలు నేర్పే పీడీ సార్ రోజూ అరిచేవారు. ఈ సంగతి గుర్తుంచుకోండి. తర్వాత అందరూ దాన్నే గుర్తు చేసుకున్నారు.

మా కాలేజీలో కొన్న హర్డిల్స్ లేవు. పీడీ సార్ వెల్డింగ్ షాపులో చేయించారు. డ్రాయింగ్ గీసింది నేను. పక్కనుంచి చూస్తే హర్డిల్ ఎల్ అక్షరంలా ఉంటుంది. పైన అడ్డపట్టీ, దాని కింద రెండు నిలువు గొట్టాలు, వాటి అడుగున పరుగెత్తి వచ్చేవాడి వైపు చాచిన రెండు పాదాలు. పట్టీకి కాలు తగిలితే హర్డిల్ ముందుకు పడిపోవాలి. అలా పడిపోవడమే ఆటగాడికి రక్షణ. నేను గీసినవి సులువుగా పడిపోయేవి. కాలు తగలక ముందే, ఆషాఢం గాలికే, ఒకదాని వెనక ఒకటి బోర్లా పడేవి.

దానికి ఉపాయం చెప్పింది కూడా నేనే. మైదానం గోడ పక్కన కొత్త భవనానికి పరవగా మిగిలిన నాపరాళ్ల ముక్కలు కుప్పగా ఉండేవి. ఒక్కో పాదం మీద ఒక్కో ముక్క పెట్టి బైండింగ్ వైరుతో బిగిస్తే గాలికి కదలవని చెప్పాను. కదలలేదు. పరుగుకు ముందు వైరు విప్పి రాళ్లు తీసి కుప్పలో పడేయాలి, అయిపోయాక మళ్లీ కట్టాలి. బరువు, దూరం, తిరిగే బిందువు. మొదటి సంవత్సరం పుస్తకంలోనే ఉంటుంది. పాదం చివర రాయి ఉంటే హర్డిల్ పడదు. ఒక పక్క మాత్రమే ఉంటే ఇంకా ప్రమాదం. పడకుండా మెలి తిరుగుతుంది, తగిలిన కాలిని పట్టేస్తుంది. నాకు తెలియదని అనుకోకండి. ఆ మైదానంలో ఇది అందరికన్నా బాగా తెలిసినవాణ్ణి నేనే.

విశ్వవిద్యాలయం జట్టుకు ఎంపిక పోటీలు ఆ ఏడాది మా మైదానంలోనే జరిగాయి. హర్డిల్స్‌లో ఒక్కరినే తీసుకుంటారు. ఆ ఒక్కరు బాషా అని అందరికీ తెలుసు, నాకూ తెలుసు. రైల్వేలో ఆటల కోటా ఉద్యోగం మీద వాడు ఆశ పెట్టుకున్నాడు. వాళ్ల నాయనకు దూది దుమ్ముతో ఊపిరితిత్తులు పాడయ్యాయి. నాకు ఏ అవసరమూ లేదు. మార్కులు ఉన్నాయి, అంగడి ఉంది. మరి ఎందుకు? ఇన్నేళ్లుగా నన్ను నేను అడుగుతున్న ప్రశ్న ఇదే. అసూయ అంటే సులువుగా తేలిపోతుంది. కానీ వాడంటే నాకు ప్రేమ ఉండేది. వాడు పరుగెత్తుతుంటే నిలబడి చూసేవాణ్ణి. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, నా ముందు వాడి వీపు లేకుండా పరుగెత్తితే ఎలా ఉంటుందో చూడాలని మాత్రం ఉండేది. అంత చిన్న కోరిక. ఇది రాస్తుంటే నా కోరిక చిన్నదని ఎందుకు నొక్కి చెబుతున్నానా అని అనుమానం వస్తోంది.

ఆ పొద్దున గాలి బలంగా ఉంది. రాళ్లు ఆఖరి నిమిషం దాకా విప్పొద్దన్నారు పీడీ సార్. వేరే కాలేజీల వాళ్లకు మా పద్ధతి తెలియదు కనక విప్పే పని నేను తీసుకున్నాను. పట్టకారుతో ఒక్కో వరుసా విప్పుకుంటూ వచ్చి, చివరగా బాషా వరుసలోకి వెళ్లాను. ఏడో హర్డిల్ ఎడమ పాదం రాయి వచ్చేసింది. కుడి పాదం వైరు తుప్పు పట్టి, ముడి మీద ముడి పడి ఉంది. పట్టకారు జారింది. మళ్లీ పట్టాను. మళ్లీ జారింది. విజిల్ మోగింది. మిగతావి గబగబా విప్పేసి, దీని దగ్గరికి తిరిగి వద్దామనుకున్నాను. ఇంతవరకు నా తప్పు లేదు. ఇక్కడ ఆగిపోగలిగితే ఎంత బాగుండేది. తుప్పు పట్టిన వైరు, తొందర, మరపు. అలా జరిగి ఉంటే ఈ పాటికి చెప్పేసి ఉండేవాణ్ణి.

మిగతావి విప్పాను. రెండో విజిల్ మోగింది. పీడీ సార్ నా పేరు పట్టుకుని అరిచారు. పరుగు మొదలయ్యే గీత దగ్గరికి పరుగెత్తాను. నా వరుస వాడి వరుస పక్కనే. వాడు తొడలు చరుచుకుంటూ, ముందుకు చూస్తూ అడిగాడు.

"అన్నీ ఇప్పినావాప్పా?"

నాకు గుర్తుంది. ఆ క్షణంలో ఏడో హర్డిల్ గుర్తుంది. కుడి పాదం గుర్తుంది. దుమ్ము పట్టి నేల రంగులో కలిసిపోయిన ఆ రాయి నా కళ్ల ముందే ఉంది. నోరు తెరిచి "ఒకటి ఉండాది, ఆగు" అంటే సరిపోయేది. రెండు నిమిషాలు ఆలస్యం. సార్ తిట్టేవారు, అంతే.

"అన్నీ" అన్నాను.

"నువ్వు ఇప్పితే ఇంక సూడాల్సిన పని లేదులే" అన్నాడు. వంగి చేతులు నేల మీద ఆనించాడు.

అప్పుడు నాలో నేను ఏమనుకున్నానో అది కూడా చెప్పాలి. బాషాకు ఏ హర్డిలూ తగలదు, కనక రాయి ఉన్నా లేకున్నా వాడికి ఒకటే, అనుకున్నాను. కాస్త తడబడతాడేమో, అంతకు మించి ఏమీ కాదు, అనుకున్నాను. రెండూ ఒకేసారి అనుకున్నాను. తగలదని నమ్మితే తడబడతాడని ఎందుకు ఆశపడ్డాను? అదీగాక, బాగా పరుగెత్తేవాడే పట్టీకి అతి దగ్గరగా వెళతాడు. వెంట్రుకవాసి ఎడంతో వెళతాడు. అందరికన్నా ఎక్కువగా తగిలేది వాడికే. అదీ నాకు తెలుసు.

తుపాకి పేలింది. పరుగెత్తాం. వాడి వీపు నా ముందు ఉంది, ఎప్పటిలాగే. తర్వాత లేదు.

శబ్దం విన్నాను. పడిపోతే హర్డిల్ నేల మీద పళ్లెంలా మోగుతుంది. ఆ మోత రాలేదు. గొట్టానికి ఎముక తగిలిన చప్పుడు, తర్వాత ఒక మనిషి ఊపిరి మొత్తం బయటికి వచ్చిన చప్పుడు. నేను ఆగలేదు. మిగిలినవన్నీ దాటాను. నా ముందు ఎవరి వీపూ లేదు. నేను కోరుకున్నది నాకు దొరికింది. నా జీవితంలో నేను అంత చక్కగా ఎప్పుడూ పరుగెత్తలేదు. ఇది చెప్పడానికి అన్నిటికన్నా సిగ్గుగా ఉంది.

చివరి గీత దాటి వెనక్కి పరుగెత్తాను. అందరూ బాషా చుట్టూ మూగారు. ఏడో హర్డిల్ మెలి తిరిగి, పక్కకు వాలి, పడకుండా నిలబడి ఉంది. దాని వైపు ఎవరూ చూడటం లేదు. దెబ్బకు వైరు సగం తెగింది. నేను వంగి మిగిలిన సగం లాగేశాను. వేలు కోసుకుంది. రాయి ఎత్తి కుప్పలోకి విసిరాను. అక్కడున్న అన్ని రాళ్లలో అదీ ఒకటైపోయింది. అప్పుడు, ఆ తర్వాతే, గుంపును తోసుకుంటూ లోపలికి వెళ్లి వాణ్ణి రెండు చేతుల మీద ఎత్తుకున్నాను. కాలేజీ గేటు దాకా ఎత్తుకుని పరుగెత్తాను. వాడు నా మెడ పట్టుకున్నాడు. నా వేలి రక్తం వాడి బనియనుకు అంటింది.

"కాలు లేయలేదప్పా" అన్నాడు నా చెవి దగ్గర. "సార్ చెప్పినట్లే ఆయ. నా కాలే లేయలేదు."

మోకాలు లోపల తెగాల్సినవన్నీ తెగాయని డాక్టర్ చెప్పాడు. రెండు ఆపరేషన్లు జరిగాయి. కాలు నిలబడింది కానీ మడత పూర్తిగా పడదు. పీడీ సార్, మిత్రులు, చివరికి వాళ్ల నాయన కూడా అదే మాట అన్నారు, వెనక కాలు ఎత్తలేదని. ఒక్కరు కూడా ఇంకో కారణం వెతకలేదు. కారణం ముందే సిద్ధంగా ఉండేది. నేను ఆసుపత్రిలో వాడి పక్కనే కూర్చునేవాణ్ణి. వాడు పడుకుని ఆ కాలిని తిట్టేవాడు. ఎదురుగా ఉన్న మనిషిని తిట్టినట్టు తిట్టేవాడు. "అన్నం పెట్టినా గదే నీకు, అంత లోకువయిపోతినా?" అని. వార్డులో వాళ్లు నవ్వేవారు. వాడూ నవ్వేవాడు. నేను నీళ్లు తెస్తానని బయటికి పోయేవాణ్ణి.

జట్టులో నన్ను తీసుకున్నారు. వెళ్లాను, మొదటి రౌండులోనే ఓడి వచ్చాను. ఆ తర్వాత మళ్లీ హర్డిల్ ముట్టుకోలేదు.

ఇప్పుడు కడప జిల్లాలో ఒక సిమెంటు ఫ్యాక్టరీలో పని చేస్తున్నాను. సున్నపురాయిని మోసే బెల్టులు నా బాధ్యత. బెల్టు కింద మనుషులు మరమ్మతు చేసేటప్పుడు కరెంటు ఆపి, స్విచ్చికి తాళం వేస్తాం. మనుషులు, పనిముట్లు అంతా బయటికి వచ్చాయని నేను చెబితేనే తాళం తీస్తారు. ఫిట్టర్ వచ్చి "అన్నీ తీసేసినాం సార్" అంటాడు. టార్చి తీసుకుని నేనే బెల్టు కిందికి దూరి మొదటి నుంచి చివరి దాకా చేత్తో తడుముతాను. "ఈ సారు వాళ్లమ్మ సెప్పినా నమ్మడప్పా, పోయి తడిమి సూసొస్తాడు" అని వాళ్లు నవ్వుకోవడం విన్నాను. పై అధికారులు నన్ను జాగ్రత్తపరుడని మెచ్చుకుంటారు. ఆ మెచ్చుకోలు విన్న రోజు నాకు అన్నం దిగదు.

బాషా డిగ్రీ పూర్తి చేశాడు, రైల్వే ఉద్యోగం రాలేదు. కడపలో ఒక స్కూల్లో డ్రిల్లు మాస్టరుగా చేరాడు. ఏ నెలా ఫోన్ చేయకుండా ఉండడు. నా పెళ్లికి వచ్చాడు. వేదిక ఎక్కి నా భార్యతో "ఏమ్మా, ఈయప్ప ఎట్లాంటోడో తెలుసునా నీకు? నేను పడిపోయిన పొద్దు నన్ను బిడ్డ మాదిరి ఎత్తుకోని పరిగెత్తినాడు" అన్నాడు. ఆమె నా వైపు గర్వంగా చూసింది. ఇప్పటికీ ఆమెకు తెలిసింది అంతే.

పోయిన నెల ఫోన్ వచ్చింది. నేను అసలు దేనికి భయపడాలో నాకు అప్పుడు తెలిసింది. అంతదాకా, వాడికి ఎప్పుడైనా నిజం తెలిసిపోతుందేమోనని భయపడేవాణ్ణి. అంతకన్నా ఘోరమైనది ఉంటుందని తట్టలేదు.

"శెట్టీ, మా స్కూల్లో హర్డిల్స్ మొదలుపెట్టినా. పైపులతో చేపించినా, నీ డ్రాయింగు గుర్తుపెట్టుకోని. గాలికి పడిపోతాండాయి. ఏం చేసినానో చెప్పు సూద్దాం?"

నాకు తెలుసు. అయినా "ఏం చేసినావు?" అన్నాను.

"నాపబండలు కట్టినా! నీ ఐడియానే. కట్టేది, పరిగెత్తే ముందర ఇప్పేది. మా అక్క కూతురు షాహీన ఉండాది సూడు, అది శానా బాగా దుంకుతాంది. ఒకసారి వచ్చి సూసిపోరాదా?"

షాహీనకు పదమూడేళ్లు ఉంటాయి. వాళ్ల నాన్న తుమ్మలపల్లె గనిలో పని చేస్తాడు. చదువు కోసం పిల్లను కడపలో మేనమామ ఇంట్లో ఉంచారు. నా పెళ్లిలో లడ్డూలు జేబులో దాచుకున్న పిల్ల. ఆ పిల్ల మోకాలు నాకు కనిపించింది. "బండలు కట్టొద్దు బాషా, ప్రమాదం" అన్నాను. "పొరపాటున ఒకటి మర్సిపోతే?"

వాడు నవ్వాడు. "మనం కట్టలేదా? మనకేమయింది?"

మనకేమయింది. వస్తానని చెప్పి ఫోన్ పెట్టేశాను. ఇన్నేళ్లూ నా మౌనం ఒక్క మనిషికే అన్యాయం చేసిందని అనుకున్నాను. ఆ పద్ధతి వల్ల ఒక మనిషి మోకాలు పోయిందని లోకంలో ఒక్కడికే తెలుసు. ఆ ఒక్కడు చెప్పలేదు కనక, మోకాలు పోయినవాడే దాన్ని పిల్లలకు నేర్పుతున్నాడు.

వెళ్లడానికి రెండు వారాలు తీసుకున్నాను. ఆ రెండు వారాల్లో ఒక కొత్త డ్రాయింగు గీశాను. వెడల్పు పాదాలు, గాలి ఆగని సన్నపట్టీ, రాళ్ల అవసరమే లేని హర్డిల్. నా ఉద్దేశం మీకు అర్థమై ఉంటుంది. ఆ కాగితం ఇచ్చి, సాంకేతిక కారణాలు నాలుగు చెప్పి, అసలు సంగతి చెప్పకుండా వచ్చేయాలని. పిరికివాడి బుర్ర అంత చక్కగా పని చేస్తుంది.

శనివారం సాయంత్రం వెళ్లాను. ఎర్రమట్టి మైదానం. గాలి. హర్డిల్స్ వరుసగా నిలబడి ఉన్నాయి, ఒక్కోదాని పాదాల మీద నల్లని నాపరాళ్లు, మెరుస్తున్న వైరు. బాషా కాలు కొంచెం ఈడుస్తూ ఎదురొచ్చి నా భుజం మీద గట్టిగా చరిచాడు. "పిల్లోల్లూ, ఈయన మా శెట్టి, ఇంజనీరు. ఈ బండలు కనిపెట్టింది ఈయప్పే. నమస్కారం పెట్టండి." వాళ్లు పెట్టారు. నేను డ్రాయింగు తీసేలోపు వాడు విజిల్ వేశాడు. పిల్లలు పరుగెత్తుకెళ్లి వైర్లు విప్పి రాళ్లు పక్కన పడేశారు. షాహీన వచ్చి గీత దగ్గర వంగింది.

"అన్నీ ఇప్పినారా?" అని అరిచాడు బాషా.

"అన్నీ, మామా!"

విజిల్ వాడి పెదవుల మధ్య ఉంది.

నేను "ఆగండి" అని అరిచాను. మైదానంలోకి పరుగెత్తి మొదటి హర్డిల్ దగ్గర మోకాళ్ల మీద కూర్చుని పాదాలు తడిమాను. తర్వాత రెండోది. తర్వాతది. ఏడోదాని దగ్గర ఎక్కువసేపు ఉన్నాననుకుంటాను. ఏమీ లేదు. ఎక్కడా ఏమీ లేదు. పిల్లలు అన్నీ విప్పారు. వాళ్లు నిజం చెప్పారు.

పిల్లలు నవ్వుతున్నారు. నా ప్యాంటు నిండా ఎర్రమట్టి. బాషా నా దగ్గరికి నడిచి వచ్చాడు. "ఏమప్పా శెట్టీ, పిల్లోల్లను గూడా నమ్మవా? ఫ్యాక్టరీ అనుకున్నావా ఇది?"

"నువ్వు నన్ను నమ్మినావు" అన్నాను.

వాడికి అర్థం కాలేదు. మట్టిలో కూర్చునే చెప్పాను. "ఆ పొద్దు నీ వరసలో ఒకటి ఇప్పలేదు బాషా. ఏడోది. నీ కాలు లేయక కాదు. రాయి ఉండె. తర్వాత నేనే తీసి పారేసినా."

వాడు విజిల్ నోట్లోంచి తీశాడు. గాలి మట్టిని లేపుతోంది. హర్డిల్ వైపు చూశాడు.

"ఏ పక్క?" అన్నాడు.

"కుడి పక్క."

వాడి చెయ్యి దానంతటదే కుడి మోకాలి మీదికి వెళ్లింది. ప్యాంటు మీద నుంచే ఒకసారి నిమిరాడు. తర్వాత చాలా మెల్లగా, ఆ పొద్దు నా చెవి దగ్గర మాట్లాడినట్టే మెల్లగా అన్నాడు. "మర్సిపోయింటావులేప్పా. తొందర్లో."

ఇది జరిగి ఎన్నో రోజులు కాలేదు. ఇప్పుడు రాస్తుంటే కూడా ఆ మాట దగ్గర నా చెయ్యి ఆగుతోంది. వాడు నాకు దారి ఇచ్చాడు. అందులోంచి నడిచి వచ్చేస్తే సరిపోయేది. అవునంటే చాలు. వాడు నన్ను లేపి నిలబెట్టేవాడు కూడా.

"లేదు" అన్నాను. "నువ్వు అడిగినప్పుడు నాకు గుర్తుండె. గుర్తుండే అన్నీ అన్నా."

వాడు తిట్టలేదు. గీత దగ్గర షాహీన ఇంకా వంగే ఉంది. "మామా, విజిల్?" అని కేకేసింది. వాడు తల తిప్పి "ఈ పొద్దుకు సాలు. ఇండ్లకు పోండి" అన్నాడు. పిల్లలు సణుక్కుంటూ సంచులు తీసుకున్నారు. వాడు ఒక్కడే, కాలు ఈడుస్తూ, వరుస పక్కన పడి ఉన్న రాళ్లు ఒక్కొక్కటీ ఏరి గోడ దాకా మోయడం మొదలుపెట్టాడు. నేను లేచి దగ్గరున్న రాయి ఎత్తబోయాను.

"దాన్ని ముట్టుకోవద్దు" అన్నాడు.

నిలబడిపోయాను. వాడు రాళ్లన్నీ మోసేదాకా నిలబడే ఉన్నాను. ఆఖరి రాయి గోడ వారగా విసిరి, వాడు నా వైపు చూడకుండా, షాహీన చెయ్యి పట్టుకుని గేటు వైపు నడిచాడు. డ్రాయింగు అక్కడి సిమెంటు అరుగు మీద పెట్టి, గాలికి పోకుండా పైన ఏదైనా ఉంచుదామని చూశాను. వాడు ముట్టుకోవద్దన్న రాళ్లు తప్ప ఏమీ లేవు. నా చేతి గడియారం తీసి పెట్టి వచ్చేశాను.

ఆ రోజు నుంచి ఫోన్ మోగలేదు. మోగితే ఏం వింటానో అని భయం, మోగకపోతే ఇంకో భయం. వాడు ఎవరికైనా చెబుతాడా? నా భార్యకు తెలుస్తుందా? ఆ డ్రాయింగు తీసుకున్నాడా, గాలికి పోయిందా? ఏదీ తెలియదు. నాకు క్షమాపణ అడిగే ధైర్యం కూడా రాలేదని ఇంటికి వచ్చాక గుర్తొచ్చింది. ఆ మాట అక్కడ నేను అననే లేదు.

మీకు చెప్పడం మొదలుపెట్టినప్పుడు, మధ్యలో ఎక్కడో ఒకటి దాచుకుంటానని నా మీద నాకే అనుమానం ఉండింది. అందుకే ఇది పూర్తయ్యాక మళ్లీ మొదటి నుంచి చదివాను, బెల్టు కింద తడిమినట్టే, ఒక్కో వాక్యం తడుముతూ. వైరు ఉంది. ఆ మాట ఉంది. పరుగు బాగుందన్న సంగతి ఉంది. రాయి పారేసింది ఉంది.

అన్నీ ఉన్నాయి. ఈసారి చూసుకునే ఆ మాట అంటున్నాను.